వార్తను తూచే విద్య

గూఢచార సమాచార విశ్లేషణ, భద్రతా ముప్పుల అధ్యయనం నేడు విశ్వవిద్యాలయ పాఠ్యాంశాలు. దివ్యఖుర్ఆన్ (49:12) వారించిన కూపీలు లాగడం ఇదే కదా అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. పరుల గుట్టు వెదకడం వేరు, చేతికందిన వార్తను తూచడం వేరు. తరగతిలో నేర్పేది ప్రధానంగా రెండవదే.

నచ్చిన ఊహకు ఆధారాలు పోగుచేయక, ఊహలన్నిటినీ పక్కపక్కన ఉంచి ఏ సాక్ష్యం దేనిని ఖండిస్తుందో చూడాలని రిచర్డ్స్ హ్యూయర్ 1999 నాటి గ్రంథంలో బోధించారు. హదీసు ఉల్లేఖకుల పరిశీలన చదివిన మాకిది పరాయిగా తోచలేదు.

ఇరాక్‌లో సంచార జీవాయుధశాలలున్నాయని ‘కర్వ్‌బాల్’ అనే మారుపేరుగల వ్యక్తి జర్మనీలో చెప్పిన మాటను, అతణ్ణి నేరుగా ప్రశ్నించకుండానే అమెరికా నమ్మింది. అది అబద్ధమని తేలేసరికి 2003 యుద్ధం జరిగిపోయింది.

ఆ తరగతుల్లో ముప్పు అనే మాట పక్కన మన సమాజం పేరూ వినిపించవచ్చు. సాక్ష్యమేదని అడిగే విద్యార్థి అక్కడ ఉండాలి. మీ పిల్లలను చేర్పించండి. రేపు పొరుగువారి గుట్టు విప్పే కొలువే వస్తే, అప్పుడు మళ్ళీ అడగండి.