కార్బన్లు దొరుకుతాయేటి?

మా నాన్నగారు రిటైరయ్యాక కోటబొమ్మాళిలో మా ఇంటి వెనకున్న పాత పశువులశాలని వర్క్‌షాపుగా మార్చుకున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో తోటలకి తోటలే కూల్చేసినప్పుడు, మా బంధువుల తోటలో పడిపోయిన పనస దుంగలు కొన్ని మా పెరట్లోకి చేరాయి. వాటితో పీటలూ, స్టూళ్ళూ చేస్తానని ఆయన పట్టు. రంపం, ఉలి, చిత్రిక అన్నీ ఉన్నాయి గానీ ఆ వయసులో భుజం ఒప్పుకోవాలి కదా. "మిషన్లు నేను పంపిస్తాన్లెండి" అన్నాను గొప్పగా.

సాఫ్ట్‌వేరు వాణ్ణి కదా, తప్పు చేసినా పద్ధతిగా చేస్తాను :) ఎక్సెల్ షీటు తెరిచి వాట్లు ఒక కాలమ్‌లో, ధర ఒక కాలమ్‌లో పెట్టాను. రూపాయికి ఎక్కువ వాట్లు ఇచ్చేదే గెలిచింది. డ్రిల్లు, యాంగిల్ గ్రైండరు, కోత చక్రాలు, డజను బిట్లు, అన్నీ కలిపి ఒకటే పెట్టె. ఎంత చవకో!

మూడు నెలలు తిరక్కుండానే ఇనప చువ్వ కోస్తుంటే గ్రైండరు చక్రం పగిలింది. దాని గార్డు అప్పటికే వదులై పక్కకి జారిపోయి ఉందిట. ఒక ముక్క నాన్నగారి మోచేతి పక్కనుంచి వెళ్ళి తలుపు చెక్కలో దిగబడింది. ఆయన ఫోన్లో నవ్వుతూనే చెప్పారు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. జానెడు ఇటైతే? నేను మిగిల్చిన డబ్బులు ఎందుకు పనికొచ్చేవి?

తర్వాత ఊరెళ్ళినప్పుడు మా వీధి వడ్రంగి మావయ్య ఆ మిషను అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే ప్రశ్న వేశాడు. "ఏటి బాబూ, దీని కార్బన్లు టెక్కలిలో దొరుకుతాయేటి?"

నా షీటులో ఆ కాలమే లేదు!

వైరుతో నడిచే మామూలు డ్రిల్లు, గ్రైండరు మోటార్లలో తిరిగే భాగానికి కరెంటు అందించేవి రెండు చిన్న బొగ్గు ముక్కలు. అవే కార్బన్ బ్రష్‌లు. అవి అరిగిపోవడం లోపం కాదు, అరగడానికే పెట్టారు. సమయానికి మారిస్తే మిషను మళ్ళీ కొత్తదే. దొరక్కపోతే, మిగతాదంతా బాగున్నా అది చెత్తే. టెక్కలి చుట్టుపక్కలంతా గ్రానైట్ క్వారీలు కదా, రాయి కోసేవాళ్ళు రోజంతా వాడే మిషన్లేవో చూస్తే చాలు, వేటికి స్పేర్లు దొరుకుతాయో తెలిసిపోతుంది. నక్షత్రాల రేటింగుల కన్నా నాకైతే ఆ సాక్ష్యం మీదే నమ్మకం.

ఇక వాట్ల సంగతి. మిషను మీద రాసేది సాధారణంగా అది లాగే కరెంటు లెక్క, చేసే పని లెక్క కాదు. నాసి మోటారు లాగినదాంట్లో ఎక్కువ భాగం వేడి కిందే పోతుంది. గ్రైండరైతే ముందు గార్డు గట్టిగా బిగుస్తుందో లేదో చేత్తో కదిపి చూడండి. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 సార్లు తిరుగుతుంది. చక్రం మీద అచ్చేసిన గరిష్ఠ వేగం అంతకన్నా ఎక్కువుండాలి. మంచి కోత చక్రాల మీద 15,300 దాకా ఉంటుంది. మేం కొన్న పెట్టెలోని చక్రాల మీద అసలు అంకే లేదు. ఇంకోమాట, గ్రైండరుకి పళ్ళ చక్రం బిగించి కర్ర కొయ్యకండి. అది కర్రని పట్టుకుని ఎగిరిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

ఎక్స్‌టెన్షన్ వైరు కూడా పనిముట్టే! 1500 వాట్ల రంపానికి ముప్పై మీటర్ల సన్నటి 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే దాదాపు 9 వోల్టులు దారిలోనే పోతాయి. అదే 2.5 వైరైతే 3 వోల్టుల లోపే. అసలే వోల్టేజి తక్కువున్నప్పుడు ఈ తేడా తక్కువేం కాదు. మోటారు బలం తగ్గుతుంది, మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, అది కాలుతుంది, తప్పు కంపెనీది అంటాం.

మరి అన్నీ ఖరీదైనవే కొనాలా? అక్కర్లేదు. బాష్ వాళ్ళే పనివాళ్ళకి నీలం రంగువి, ఇంట్లో వాడుకునేవాళ్ళకి ఆకుపచ్చవి వేరేగా చేస్తారు. నెలకి నాలుగు కన్నాలు వేసేవాడికి రోజుకి నాలుగొందలు వేసే డ్రిల్లు దండగ. బ్యాటరీవి ముచ్చటగానే ఉంటాయి గానీ ఒక కంపెనీ బ్యాటరీ ఇంకోదానికి పట్టదు, మా భాషలో వెండర్ లాక్-ఇన్ అన్నమాట. పైగా లిథియం బ్యాటరీ వాడకుండా బల్ల మీద పెట్టినా ముసలిదవుతుంది. అప్పుడప్పుడూ వాడేవాళ్ళకి వైరుదే మేలు.

నా లెక్క ఇప్పుడిది. చేతికి దగ్గరగా తిరిగేదాని మీద పొదుపు వద్దు. బల్లలూ, క్లాంపులూ, పెట్టెలూ ఎంత చవగ్గానైనా కొనుక్కోండి. ఒకేసారి సెట్టు కొనకండి, ఏడాదికొకటి చాలు.

నాన్నగారికి ఈసారి డ్రిల్లూ, గ్రైండరూ టెక్కలిలోనే కొన్నాను. నా పాత పెట్టె ధరకి రెండింతలకి పైనే అయింది. బిల్లుతో పాటు రెండు జతల కార్బన్లు కూడా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. మావయ్య వాటిని చూసి ఏమీ అనలేదు. అదే నాకు ఫైవ్ స్టార్ రేటింగు!