దేహధర్మానికి మౌనం విధించడం వైరాగ్యం కాదు

సంధ్యోపాసకుడు ప్రతిదినం మూడు వేళలలో జగన్మాతను మూడు వయస్సులలో ధ్యానిస్తాడు. ప్రాతఃకాలంలో ఆమె కుమారి, మధ్యాహ్నం యువతి, సాయంకాలం వృద్ధ. కాలాతీతయైన పరదేవతకే వయోభేదాన్ని భావించి, ప్రతి దశనూ వందనీయంగా నిలిపిన సంప్రదాయమిది. అటువంటి ఉపాసకుని ఇంటిలోనే నలభై ఎనిమిదేళ్ల ఇల్లాలు అర్ధరాత్రి చెమటతో తడిసి లేచి కూర్చుంటుంది. నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది, కారణం తెలియని దుఃఖం కమ్ముకొస్తుంది. ఏళ్ల తరబడి కంఠస్థమైన స్తోత్రంలో మధ్య నామం ఒకటి గుర్తుకు రాదు. ఆమె నోరు విప్పి చెప్పుకుంటే లభించే సమాధానం తరచుగా ఒక్కటే: "దేహం నీవు కాదు, ఓర్చుకో."

ఈ వాక్యం వేదాంతంలా వినిపిస్తుంది. వాస్తవానికి ఇది వేదాంతపు ముసుగు ధరించిన నిర్లక్ష్యం. ఆత్మజ్ఞానం సాధకుడు తనకు తాను బోధించుకోవలసినది. బాధపడుతున్న మరొకరికి సేవ చేయకుండా తప్పించుకొనడానికి వినియోగించే సాకు కాదు.

స్త్రీ దేహం జీవితంలో కనీసం నాలుగు మహాపరివర్తనలకు లోనవుతుంది: రజోదర్శనం, గర్భధారణ, ప్రసవానంతర కాలం, రజోనివృత్తి. ఇవి కేవలం గర్భాశయానికి సంబంధించిన మార్పులు కావు. ప్రసవమై మావి బయటపడిన కొద్ది దినాలలోనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు అత్యంత ఉన్నతస్థాయి నుండి ఒక్కసారిగా పతనమవుతాయి. భారతదేశంలో బాలింతలపై జరిగిన అధ్యయనాలను సమీకరించి చూస్తే, ఐదుగురిలో సుమారు ఒకరు మానసిక కుంగుబాటుకు లోనవుతున్నట్లు తేలింది. రజోనివృత్తి వేళ ఈస్ట్రోజెన్ క్షీణించడంతో నిద్ర, మనోస్థితి, జ్ఞాపకశక్తి, ఎముకల దార్ఢ్యం అన్నీ ప్రభావితమవుతాయి. దీనిని మనోదౌర్బల్యమనీ, భక్తిలోపమనీ, కోపిష్ఠితనమనీ నిందించేవారు దేహాన్ని ఎరుగరు. శాస్త్రాన్ని అంతకంటే ఎరుగరు.

ఎందుకనగా పూర్వులు వీటిని ఎరుగుదురు. సుశ్రుత సంహిత రజస్సు పన్నెండేళ్ల వయస్సు మొదలుకొని ప్రవర్తించి, యాభై ఏళ్ల ప్రాంతంలో క్షయిస్తుందని స్పష్టంగా పేర్కొన్నది. గర్భిణిని నాలుగవ మాసం నుండి రెండు హృదయాలు గల వ్యక్తిగా భావించి, ఆమె కోరికలను తీర్చాలని విధించింది. సీమంతోన్నయన సంస్కారంలో గర్భిణీ మనఃప్రసన్నతకు స్థానం ఉన్నది. సూతికకు ప్రత్యేక ఆహారం, అభ్యంగనం, విశ్రాంతి విధింపబడ్డాయి. ఉత్కళదేశంలో రజ పర్వదినాలలో భూమాతయే రజస్వల అయిందని భావించి నాగలి దించరు. స్త్రీలకు ఇంటిపని నుండి విశ్రాంతినిచ్చి ఊయలలు కడతారు. కామాఖ్యలో అంబుబాచి సమయాన మూడు దినాలు ఆలయద్వారాలు మూసి, అనంతరం తెరచి ఉత్సవం జరుపుతారు. దేహధర్మాన్ని లజ్జాకరంగా గాక పవిత్ర విరామంగా దర్శించిన దృష్టి ఇది.

ఆ దృష్టి తెలుగు లోగిళ్లలోనూ ఉండేది. పెద్దమనిషి అయిన పిల్లకు చిమ్మిలి పెట్టేవారు. బాలింతకు కాయం, పథ్యం, నూనెతో మర్దన, వేడినీటి స్నానం ఉండేవి. నేడు మిగిలినదేమిటి? పిల్ల ఈడేరిన వేడుకకు కల్యాణమండపం, ఫ్లెక్సీలు, వీడియో. ఆ పిల్ల మనస్సులోని భయానికి సమాధానం చెప్పే పెద్దదిక్కు మాత్రం కనబడదు. నెలసరి మూడు నాలుగు మాసాలు రాకున్నా, ముఖంపై రోమాలు పెరుగుతున్నా, "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అంటారు. సుమారు పదిమందిలో ఒకరికి కలిగే అండాశయ సంబంధమైన హార్మోన్ రుగ్మత ఆ మాట చాటున ఏళ్ల తరబడి దాగిపోతుంది. సంస్కారంలోని సేవ లోపించి ప్రదర్శన మిగిలినప్పుడు దానిని సంప్రదాయమని పిలవడం ఆత్మవంచన.

ఇక నాలుగవ దశకు ఆ ప్రదర్శన కూడా లేదు. రజోనివృత్తికి వేడుక లేదు, పథ్యం లేదు, పలకరింపు లేదు. మడి, మైల నియమాల కోసం స్త్రీ ఋతుకాలాన్ని దినాలతో సహా లెక్కించే కుటుంబం, ఆ ఋతువు నిలిచిపోయే వేళ మాత్రం లెక్క మరచిపోతుంది. ఇంకొక వైచిత్రి గమనింపదగినది. కుమార్తె పురుటికి డల్లాస్‌కో, మెల్‌బోర్న్‌కో ప్రయాణం కట్టే తల్లి వయస్సు తరచుగా యాభై చుట్టూ ఉంటుంది. ఒక హార్మోన్ తుఫానులో ఉన్న బాలింతకు సేవ చేసేది, మరొక హార్మోన్ తుఫానులో ఉన్న మాతృమూర్తి. బాలింతను చూడడానికి పదిమంది వస్తారు. ఆ తల్లిని "నీకు ఎట్లా ఉన్నది" అని అడిగేవారు ఒక్కరూ ఉండరు.

ఈ మౌనానికి మూల్యం ఎంత? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తొలగింపబడినవారు దేశమంతటా 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అధిక రక్తస్రావమో, పొత్తికడుపు నొప్పో కలిగిన స్త్రీకి నమ్మకంగా చెప్పుకొనే చోటు లేనప్పుడు, ఆమెకు చివరకు కనబడే ద్వారం శస్త్రచికిత్స గది. "పిల్లలు పుట్టారు కదా, ఇక సంచి ఎందుకు" అన్న మాటకు ఆమె తల ఊపుతుంది. కొన్ని సందర్భాలలో ఆ శస్త్రచికిత్స అనివార్యమే. కాని అండాశయాలు సైతం తొలగిస్తే రజోనివృత్తి క్రమంగా గాక రాత్రికి రాత్రి సంభవిస్తుంది. ఎముకలకూ గుండెకూ రక్షణ తగ్గుతుంది. అనవసర గర్భాశయ తొలగింపులను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సర్వోన్నత న్యాయస్థానం రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. ఇల్లు పాటించవలసిన ధర్మాన్ని న్యాయస్థానం గుర్తు చేయవలసి రావడం గర్వకారణం కాదు.

వైరాగ్యవాదుల ఆక్షేపం ఇక్కడ ఎదురవుతుంది: దేహచింత పెంచడం బంధహేతువు కాదా? సమాధానం ఉపనిషత్తులోనే ఉన్నది. తైత్తిరీయం పంచకోశ వివేకాన్ని అన్నమయం నుండి ఆరంభించింది; అన్నాన్ని నిందింపకుండుటను వ్రతంగా విధించింది. తొలి మెట్టును తన్నివేసి చివరి మెట్టును చేరినవాడెవ్వడు? గీత పదునేడవ అధ్యాయంలో భగవానుడు శరీరాన్నీ, అందులో నివసించే తననూ కృశింపజేసేవారిని ఆసురనిశ్చయులుగా గణించాడు. తనను తాను పీడించుకొనడమే నింద్యమైతే, ఇంటిలోని స్త్రీని పీడకు వదలివేయడం ఏ గణనలోకి వస్తుంది?

ఆచార్యుల జీవితాలూ ఇదే చెబుతాయి. 1885లో శ్రీరామకృష్ణ పరమహంసకు కంఠవ్యాధి సంక్రమించినప్పుడు మహేంద్రలాల్ సర్కార్ వంటి ప్రసిద్ధ వైద్యుడు చికిత్స చేశాడు. శిష్యులు రాత్రింబవళ్లు సేవించారు. 1949లో శ్రీరమణ మహర్షి చేతిపై వ్రణానికి వైద్యులు పలుమార్లు శస్త్రచికిత్స చేశారు. దేహాత్మబుద్ధి సంపూర్ణంగా నశించిన మహాపురుషుల దేహానికే భక్తులు వైద్యసేవ నిరాకరించలేదు. "దేహం మిథ్య" అని వారి పడక ప్రక్కన ఎవ్వరూ ఉపన్యసించలేదు. మధుమేహానికీ, రక్తపోటుకూ వేళ తప్పక మాత్ర వేసుకొనే గృహస్థు, భార్యకు మాత్రం మిథ్యావాదం వినిపించడం ఏ సిద్ధాంతం? పారమార్థిక సత్యాన్ని తెచ్చి వ్యావహారిక కర్తవ్యాన్ని కొట్టివేయడం అద్వైతం కాదు, సౌకర్యవాదం.

"పూర్వం అమ్మమ్మలు ఇవేవీ లేకుండానే గడపలేదా" అన్నది మరొక ఆక్షేపం. గడిపారు. కాని వారి చుట్టూ అత్తలు, పెద్దమ్మలు, మంత్రసానులు ఉండేవారు; బావిగట్టు దగ్గర చెప్పుకొనే మాట ఉండేది. ఆ ఆలంబన తొలగిపోయింది, ఓర్పు మాత్రం ఆజ్ఞగా మిగిలింది. పైగా వారు చెప్పలేదు కనుక బాధపడలేదనడం, వ్రాయని పుటను ఖాళీ జీవితమనుకొనడమే.

మౌనం ఉన్నచోట వర్తకుడు ప్రవేశిస్తాడు. ధర్మం పేరిట, ఆయుర్వేదం పేరిట "హార్మోన్ల సమతుల్యత" చూర్ణాలు అమ్ముడవుతున్నాయి. రోగిని పరీక్షించనిదే ఔషధం నిర్ణయించరాదన్నది ఆయుర్వేదపు ప్రథమ క్రమశిక్షణ. ఒకే చూర్ణం అందరి దశలకూ, అందరి దేహాలకూ సరిపోతుందనేవాడు ఆ శాస్త్రానికే ద్రోహి. జపం మనస్సుకు ధైర్యమిస్తుంది. థైరాయిడ్ పరీక్షకు అది ప్రత్యామ్నాయం కాదు.

కావున కర్తవ్యం స్పష్టం. తల్లి కుమార్తెకు రజోదర్శనానికి ముందే విషయం చెప్పాలి. తండ్రి ఆ సంభాషణ నుండి పారిపోరాదు. బాలింత దుఃఖం రెండు వారాలు దాటితే దానిని దృష్టిదోషమని దిష్టి తీసి ఊరుకోక వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. 14416 టెలిమానస్ సంఖ్యకు ఫోను చేసినా ఉచితంగా మాట్లాడేవారున్నారు. నలభై దాటిన స్త్రీకి ఉపవాసాలు, మడివంట తగ్గించే అధికారం కుటుంబమే ముందుగా ఇవ్వాలి. అశక్తులకు సడలింపు ధర్మశాస్త్రసమ్మతమే. నెలసరి పూర్తిగా ఆగి ఏడాది గడచిన తరువాత రక్తం కనబడితే ఒక్క దినమూ జాప్యం చేయరాదు. గర్భాశయం తీయించాలన్న సలహా వస్తే రెండవ వైద్యుని అభిప్రాయం తప్పక పొందాలి. వేడి ఆవిర్లు దుర్భరమైతే చికిత్సలున్నాయి. హార్మోన్ చికిత్స ఎవరికి తగునో, ఎవరికి తగదో వైద్యురాలు నిర్ణయిస్తుంది. సామూహిక పారాయణలు జరిపే మండలులు ఏడాదికి ఒక్క సాయంకాలమైనా స్త్రీవైద్యురాలిని పిలిచి, సంకోచం లేకుండా ప్రశ్నలు అడిగే అవకాశం కల్పించాలి. అదీ దేవీసేవయే.

సాయంసంధ్యలో వృద్ధారూపిణికి అర్ఘ్యమిచ్చిన చేయి, ఆ రాత్రి చెమటతో లేచి కూర్చున్న ఇల్లాలికి ఒక గ్లాసు చల్లని నీరు అందించాలి. తెల్లవారగానే ఆమెతో వైద్యుని వద్దకు నడవాలి. అది చేయనివాని అర్ఘ్యం నీరు మాత్రమే.

స్వస్తి.