మతిమరుపుకు డబ్బా మందులు

సంపాదకుల వారికి,

అయ్యా,

పేగులలోని సూక్ష్మజీవులకూ, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుకూ సంబంధమున్నదన్న వార్త తరచుగా కనబడుతున్నది. దానిని పట్టుకొని, కడుపు బాగుచేసి జ్ఞాపకశక్తి తెప్పిస్తామంటూ పొడులూ, మాత్రలూ అమ్మేవారు బెంగుళూరులో మా వీధికి కూడ వచ్చారు. మా అక్కయ్యగారి ఆరునెలల పింఛను ఆ డబ్బాలకే సరిపోయినది. అందుకే ఈ నాలుగు మాటలు.

వార్తలో నిజము లేకపోలేదు. 2017లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు ఈ జబ్బు గలవారి పేగులలో సూక్ష్మజీవుల రకాలు తగ్గి ఉండడం గమనించారు. 2023లో ఐర్లండు దేశపు కార్క్ నగరములో, రోగుల పేగులలోని జీవులను పడుచు ఎలుకలకు ఎక్కించగా వాటి జ్ఞాపకశక్తి మందగించినది.

అయితే ఎలుకలో చూచినది మనిషికి మందు కాజాలదు. మనుషులలో కనిపించిన తేడా జబ్బుకు కారణమో, జబ్బుపడి తిండి మారినందువల్ల వచ్చినదో ఇంకా తేలలేదు. పైగా ఆ జీవులు తిండినిబట్టి మారుతవి. అమెరికాలో తేలిన లెక్క రాగిసంకటి, మజ్జిగ తినే మన కడుపులకు అట్లే సరిపోతుందని ఎవరు చెప్పగలరు?

మన సంగతి మనవారిలోనే చూడవలె. టాటా ఇన్‌స్టిట్యూటని మనము పిలుచుకొనే సైన్సు సంస్థలోని మెదడు పరిశోధన కేంద్రము వారు, కోలారు జిల్లా శ్రీనివాసపురము పల్లెలలో 45 ఏండ్లు దాటిన 10,000 మందిని ఏండ్ల తరబడి పరీక్షించే పనికి పూనుకొన్నారు. ఆ తాలూకాలో తెలుగు మాట్లాడేవారే మెండు. ఇటువంటి పనికి ఓపిక కావలె. డబ్బాలు అమ్మేవారికి లేనిది అదే.

డబ్బు పోవడము కన్న కాలము పోవడము పెద్ద నష్టము. అక్కయ్యగారు పొయ్యిమీద పాలు మరచినా, మనుమల పేర్లు తారుమారు చేసినా, పెద్దతనపు చాదస్తమని ఇంటిల్లిపాదీ నవ్వుకొన్నాము. తీరా డాక్టరుగారు రక్తము పరీక్ష చేయిస్తే బి12 విటమిను బొత్తిగా తక్కువని తేలినది. సూదిమందుతో కొంత తేరుకొన్నారు. ముందే తీసుకొనిపోతే ఇంకా మేలు జరిగేదన్న బాధ నాకు మిగిలినది.

అందరి మరపూ అల్జీమర్స్ కాదు. థైరాయిడ్ లోపము వల్లనూ రావచ్చు. వినికిడి తగ్గినా, రక్తపుపోటు, మధుమేహము ముదిరినా మెదడుకు చేటే. అల్జీమర్సే అయినా, ముందుగా తెలిస్తే ఇల్లు చక్కబెట్టుకొనే వ్యవధి దొరుకుతుంది. ఈ ఊళ్ళో నిమ్హాన్స్ ఉన్నది, మంచి డాక్టర్లున్నారు. పెద్దలను అక్కడికి తీసుకొనిపోవడము పరువు తక్కువ పని కాదు.

మజ్జిగ, ఆకుకూర తినడం మంచిదే. వాటినే మందని నమ్మి కూర్చోవద్దు. పత్రికలవారు కూడ ఇట్టి మందుల ప్రకటనలు వేసే ముందు ఋజువు అడుగవలెనని నా మనవి.

ఇట్లు,
ఒక పాత చందాదారు
మల్లేశ్వరము, బెంగుళూరు