దుకాణం మూస్తే చాలదు

హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1937 అక్టోబరు 1న మద్యపాన నిషేధాన్ని మొదట సేలం జిల్లాలోనే అమలు చేశారు. మన అంచెట్టి అప్పుడు ఆ జిల్లాలోదే. ఈనాడు తమిళనాట మద్యం అమ్ముతున్నది ప్రభుత్వ సంస్థ టాస్మాక్. నిషేధం కోసం మనం పోరాడాల్సిందే. కానీ 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా పొట్టన పెట్టుకున్నది చట్టం ఒప్పుకోని కల్తీసారా. చట్టం దుకాణాన్ని మూయగలదు, తాగాలన్న కోరికను మూయలేదు.

ప్రియ యువతీ యువకులారా, బబులోనులో రాజు ద్రాక్షారసం తాగొద్దని దానియేలుకు ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. అతని మనసే వద్దనుకుంది. కూలి డబ్బు చేతికందిన సాయంత్రం స్నేహితుల మధ్య "నాకొద్దు" అనగలిగితే, ఆ రాత్రి పిల్లల కంచంలో అన్నం ఉంటుంది. మంచి నడవడి అంటే అదే. నిషేధాన్ని మన గడప దగ్గరే మొదలుపెడదాం.