అంబులెన్సు అరువు బండి కాదు

"డాక్టరు గారూ, బండి ఎటూ ఖాళీగానే ఉందిగా! మా అత్తగారిని స్టేషనులో దింపి రమ్మనండి."

ప్రభుత్వాసుపత్రిలో పని చేసే డాక్టరు ఏదో ఒకనాడు వినే మాటే ఇది. అడిగేవారు చెడ్డవారేమీ కారు. ఇరుగుపొరుగువారు, బంధువులు, ఊరి పెద్దలు. తెలిసినవారికి ఈమాత్రం సాయం చెయ్యరా అనుకుంటారు. ఆసుపత్రి ముందు ఆగి ఉన్న అంబులెన్సు వారికి పనిలేని బండిలా కనిపిస్తుంది. పిలుపు రాగానే కదలడానికి సిద్ధంగా ఉండటమే దాని ఉద్యోగమని తోచదు.

నా సంగతే చెబుతాను. పాతికేళ్ళ పైమాట. అప్పటికి 108 లేదు. నేను పని చేసే చిన్న ఆసుపత్రికి ఉన్నది ఒక్కటే బండి. ఒక పెద్దమనిషి తండ్రికి జ్వరం తగ్గి ఇంటికి పంపుతున్నాం. "బస్సులో నలిగిపోతారండీ, మీ బండి ఇప్పించండి" అన్నాడాయన. మొహమాటపడి సరేనన్నాను. బండి వెళ్ళిన కాసేపటికే, బిడ్డ అడ్డం తిరిగిన ఒక గర్భిణిని ట్రాక్టరు మీద తెచ్చారు. వెంటనే జిల్లా ఆసుపత్రికి పంపి ఆపరేషను చేయించాలి. బండి తిరిగి వచ్చేసరికి గంటన్నర పట్టింది. పెద్దమనిషి ఇంట్లో డ్రైవరుకి టిఫిను పెట్టి మరీ పంపారట! తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. బండి ఉంటే దక్కేదా అంటే చెప్పలేను. ఆ ప్రశ్న మాత్రం ఈనాటికీ నన్ను వదల్లేదు. అడిగినాయన కంటే ఇచ్చిన నాదే ఎక్కువ తప్పు.

గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. స్కానింగు కూడా ఆ వ్యవధిలోనే అయిపోవాలి. ఇలాంటివారికి పది నిమిషాలు కూడా ఎక్కువే.

ఇంకో నష్టం కూడా ఉంది. "నాన్నా పులి" కథ మీకు తెలిసిందే. సైరను మోగిస్తూ పోయే బండిలో కూరగాయల బస్తాలనో, పెళ్ళివారినో ఒకసారి చూసినవాడు, మర్నాడు నిజంగా రోగి ఉన్న బండికి దారి ఇస్తాడా? "ఏ ఆఫీసరుగారి చుట్టాలో!" అని కదలడు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అంబులెన్సుకి దారి ఇవ్వకపోతే ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అయినా మనసులో నమ్మకం పోయాక చట్టం ఎంతని చేస్తుంది?

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సర్వీసు ఉచితం. ఉచితం కనుక ఎందుకైనా పిలవవచ్చని కాదు. ఛాతీలో నొప్పి, హఠాత్తుగా మూతి వంకర పోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం, తీవ్రమైన ఆయాసం, స్పృహ తప్పడం, ఆగని రక్తస్రావం, పాముకాటు, పురుగుల మందు తాగడం, రోడ్డు ప్రమాదం, పురిటి నొప్పులు - వీటికి తప్పక పిలవండి. చిరునామాతోపాటు దగ్గరి గుర్తు చెప్పండి. ఫోను పెట్టేయకండి. రాత్రివేళ ఒకరు టార్చిలైటుతో వీధి మొదట నిలబడండి.

రిపోర్టులు తెచ్చుకోవడానికి, కట్టు మార్పించుకోవడానికి, తగ్గి ఇంటికి పోవడానికి ఆటోనో, కారో చాలు. ప్రభుత్వాసుపత్రిలో పురుడైన తల్లీబిడ్డలను ఇంటికి చేర్చడానికి 102 బండ్లు వేరే ఉన్నాయి.

ఇది చదివి భయపడి, నాన్నగారికి గుండెలో మంట వస్తే "గ్యాసేమో, అంబులెన్సుని పిలిస్తే ఏమనుకుంటారో" అని కూర్చోకండి. అనుమానం ఉంటే పిలవండి. తీరా చూస్తే గ్యాసే అయితే మాకు సంతోషమే. సందేహంతో పిలవడం తప్పు కాదు. జబ్బే లేదని తెలిసి అడగడం తప్పు.

"డాక్టరు మావాడే, బండి చెప్పిస్తాను" అని ఎవరైనా మీ ఇంట్లో అంటే, ఆటో పిలిచి పంపండి. ఆ గంటలో ఆ బండి ఎవరి గుమ్మం ముందు ఆగవలసి వస్తుందో ఎవరికి తెలుసు? అది మీ గుమ్మమే కావచ్చు.