కుళాయి నీటి లెక్క



తరతరాలుగా హోసూరు ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారము. మా కుళాయికి ఒకనాడు హోగెనకల్ కావేరి నీరు, మరొకనాడు బోరు నీరు వస్తున్నది. బోరు నీటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, కాచిన గిన్నెకు సున్నపు పొర కడుతుంది. కాచితే సర్వదోషాలూ పోతాయని మేము నమ్మితిమి. మా మనుమరాలి పళ్ళపై మచ్చలు చూచి డాక్టరుగారు ఫ్లోరైడు అన్నారు.

కాచితే కఠినత్వం కొంత తగ్గును గాని ఫ్లోరైడు తగ్గదు. నీరు ఇగిరినకొద్దీ చిక్కనగును. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు ఈ బాధ తప్పించుటకే గదా 2013లో హోగెనకల్ పథకం ప్రారంభమైనది! భారత ప్రమాణం ప్రకారం లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు లేనిచోట మాత్రమే 1.5 వరకు చెల్లును. సున్నం గిన్నెలో కనబడుతుంది. ఫ్లోరైడు కంటికీ, నాలుకకూ తెలియదు.

గుమాస్తాగా లెక్క చూడనిదే కాగితం పైకి పంపి ఎరుగను. కనుక ఏనాడు ఏ నీరు వదులుతున్నదీ, పరీక్షలో ఏమి తేలినదీ ట్యాంకు వద్ద బోర్డుపై తమిళ, తెలుగు భాషలలో వ్రాయించవలెనని అధికారులకు మనవి. పసివాళ్లకు ఏ బిందె నీరు పోయవలెనో తల్లులు చూచుకొందురు.

— ఒక విశ్రాంత గుమాస్తా