సెకండ్ ఫిడిలూ, నేనూ

మా ఆయన రిటైరైన రోజు సభలో ఒక పెద్దమనిషి మైకు పుచ్చుకుని, "వీరి సతీమణి ముప్ఫై ఏళ్లూ సంతోషంగా సెకండ్ ఫిడిల్ వాయించారు" అన్నాడు. అందరూ చప్పట్లు. నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చి పాలు తోడు పెడుతుంటే వచ్చింది కోపం! నా కోపం ఎప్పుడూ ప్యాసింజరు బండే, ఒక పూట ఆలస్యం.

సంతోషంగా అని ఆయనకెవరు చెప్పారండీ?

అసలా ఫిడిలు సంగతి చూడండి. పాశ్చాత్యుల క్వార్టెట్‌లో రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో ఉంటాయి. మొదటి వయొలిన్ తరచు పాట నడిపిస్తుంటే రెండోది దన్నుగా నిలబడుతుంది. అది తడబడితే మొదటివారి గొప్పా అక్కడే తేలిపోతుంది. అయినా లోకానికి చులకనే.

1763 ప్రాంతంలో పసివాడు మొజార్ట్, ఇంటికొచ్చిన వాద్యగాళ్లతో తానూ రెండో వయొలిన్ వాయిస్తానన్నాడట. నేర్చుకోకుండా ఎలారా అని తండ్రి కసిరితే, రెండో వయొలిన్‌కి నేర్చుకోవడమెందుకు అన్నాడట! ఏడ్చి మరీ వాయించేశాడు. మొజార్ట్ కనక చెల్లింది. ఈ ముచ్చట ఆ ఇంటి స్నేహితుడు షాఖ్ట్‌నర్ 1792లో ఒక ఉత్తరంలో రాశాడు. ఎవరికనుకున్నారు? మొజార్ట్ అక్క మరియా అన్నాకి. చిన్నతనంలో తమ్ముడితోపాటు దేశదేశాలు తిరిగి వాయించి మెప్పు పొందిన పిల్ల. పెళ్లీడు రాగానే ఆమె కచేరీ యాత్రలు ఆగిపోయాయి. తమ్ముడివి సాగాయి. పాపం, ఆవిడకి రెండో ఫిడిలైనా మిగల్లేదు.

మన కచేరీయే నయం. పాడేవారు రాగం ఆలపించి ఆగుతారు. అప్పుడు వయొలిన్ వంతు. అంతటి విద్వాంసులూ తలాడిస్తూ వింటారు. కరపత్రంలో పేరుంటుంది, చేతికి సంభావన ఉంటుంది. పక్కవాద్యమనుకున్న ఆ వయొలిన్‌తోనే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు సోలో కచేరీలు చేసి ఒప్పించారు.

మరి నా వంతు ఎప్పుడొచ్చిందో ఆ పెద్దమనిషి చెప్పాలి. బి.ఎడ్. చదివి చేరిన స్కూలు ఉద్యోగం, ఈయన రెండో బదిలీకే వదిలేశాను. మిగతా అయిదు బదిలీలకీ వదలడానికేమీ లేదు, సామాన్లు సర్దడం తప్ప. ఆవేళ నాకూ శాలువా కప్పారు గానీ మైకివ్వలేదు.

పోయిన నెల మా కోడలికి ప్రమోషన్ మీద పుణే బదిలీ అయింది. మా అబ్బాయి ఇంకా ఆలోచిస్తున్నాడు.

"రెండో ఫిడిలు నేర్చుకుంటే వస్తుందిరా" అన్నాను.

"ఫిడిలేమిటమ్మా?" అన్నాడు.